తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగితే గది ఎక్కడ తీసుకోవాలి?

"ఫ్లైట్ రాత్రి రెండున్నరకి దిగుతుందట. అంత రాత్రప్పుడు ఊళ్లోకేం వెళ్తారు, ఎయిర్‌పోర్టు పక్కనే ఏదన్నా రూమ్ చూడరా!"

హైదరాబాద్‌లో ఉంటున్న పాపానికి ఈ ఫోన్ నాకు ఏడాదికి నాలుగైదు సార్లు వస్తుంది. డాలస్ నుంచి వచ్చే పెద్దమ్మ, కువైట్ నుంచి వచ్చే బాబాయి స్నేహితుడు, వీసా ఇంటర్వ్యూ కోసం విశాఖ నుంచి ఆఖరి ఫ్లైట్‌లో వచ్చే మేనకోడలు. మనిషి మారతారు గానీ మాట మారదు. కొన్నేళ్లు నేనూ అడిగినట్టే బుక్ చేసిపెట్టాను. ఇప్పుడు ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తున్నాను: "పొద్దున పదింటికి మీరు ఎక్కడ ఉండాలి?"

గది ఎక్కడన్నది తేల్చేది ఆ ప్రశ్నే. విమానం ఎన్నింటికి దిగుతుందన్నది దాని తర్వాత సంగతి. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది కాబట్టి, ఆ వేళ సంగతితోనే మొదలుపెడతాను.

ఆ వేళ మనం పెట్టింది కాదు

అమెరికా, యూరప్‌ల నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లలో చాలామంది దోహాలోనో దుబాయ్‌లోనో అబుదాబీలోనో విమానం మారతారు. ఆ ఎయిర్‌పోర్టులు అలల్లాగా పనిచేస్తాయి. పడమటి దేశాల నుంచి వచ్చే విమానాలు సాయంత్రానికి ఒక గుంపుగా చేరతాయి. వాటిలో దిగినవాళ్లని ఎక్కించుకుని, కాసేపట్లో మన దేశం వైపు వెళ్లే విమానాలు ఇంకో గుంపుగా లేస్తాయి. దోహాలో రాత్రి 8 అయితే మనకి పదిన్నర. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. లెక్క వేసుకుంటే రెండున్నర.

ఆ విమానమే ఇక్కడ గంటా గంటన్నర ఆగి తిరుగు ముఖం పడుతుంది. నాలుగింటికి లేస్తే అక్కడి టైమ్ ప్రకారం ఉదయం ఆరులోపే దోహా చేరుతుంది. పొద్దున లండన్‌కో న్యూయార్క్‌కో వెళ్లే విమానాలు అప్పటికి సిద్ధంగా ఉంటాయి. యూరప్ వైపు ఇంకో చిక్కు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూల్ విమానాలు ఎగరకూడదు, దిగకూడదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నిద్ర కోసం పెట్టిన నిబంధన అది. వాళ్ల నిద్ర చెడకుండా లెక్క చూసుకుంటూ వస్తే, మిగిలేది మన అర్ధరాత్రి.

ఇందులోంచి ప్రయాణికుడికి పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ వేళకి దిగేది మీ విమానం ఒక్కటే కాదు. పెద్ద విమానాలు కొద్ది తేడాలో వరసగా దిగుతాయి. ఇమిగ్రేషన్ దగ్గరా, బ్యాగుల బెల్టు దగ్గరా, చివరికి క్యాబ్ దగ్గరా అదే గుంపు మీకు ఎదురవుతుంది. రెండున్నరకి దిగడమంటే మూడున్నర, మూడుంముప్పావుకి బయటపడటం. అంతకన్నా ముందు వస్తే అదృష్టం అనుకోండి.

రాత్రి దూరం వేరు, పొద్దున దూరం వేరు

శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది 2008 మార్చిలో. అంతకుముందు బేగంపేటలో దిగి ఆటో ఎక్కితే అమీర్‌పేట ఎంతసేపు? కొత్తది ఊరికి దక్షిణాన, నడిబొడ్డు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో వచ్చింది. "అమ్మో, అంత దూరమా" అన్న భయం అప్పుడు పుట్టింది. చాలామంది మనసులో అది ఇంకా పోలేదు.

ఆ తర్వాత రోడ్లు వచ్చాయి. 2009 అక్టోబర్‌లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్లు గాల్లోనే వెళ్లిపోవచ్చు. ఇంకోటి ఔటర్ రింగ్ రోడ్డు, మొత్తం 158 కిలోమీటర్లు. శంషాబాద్ దగ్గర ఎక్కితే ఒక్క సిగ్నల్ తగలకుండా గచ్చిబౌలి వైపు దిగుతారు.

తెల్లవారుజామున నాలుగింటికి గచ్చిబౌలి దాకా ముప్పై కిలోమీటర్లు నలభై నిమిషాల పని. సికింద్రాబాద్ స్టేషన్ నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, గంటలో వెళ్లిపోతారు. అదే దారిలో పొద్దున తొమ్మిదింటికి బయలుదేరి చూడండి. సికింద్రాబాద్‌కి గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకూడదు. వాన పడిందంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

కాబట్టి నా లెక్క ఇది: రాత్రి దూరం చవక, పొద్దున దూరం ఖరీదు. ఎయిర్‌పోర్టు పక్కన గది తీసుకున్నవాళ్లు చవకగా దాటేయాల్సిన దూరాన్ని దాచిపెట్టి, ఖరీదైన వేళలో ఖర్చు పెడుతున్నారు.

అంకెల్లో చూద్దాం. మూడుంముప్పావుకి బయటకొచ్చారు. శంషాబాద్‌లోనే గది అయితే నాలుగుంపావుకి మంచం ఎక్కుతారు. గచ్చిబౌలిలో అయితే నాలుగుంముప్పావుకి. పొద్దున పదింటికి గచ్చిబౌలి పక్కన పని. శంషాబాద్‌లో పడుకున్నవాళ్లు ఎనిమిదిన్నరకల్లా బండిలో ఉండాలి, అంటే ఏడున్నరకి లేవాలి. గచ్చిబౌలిలో పడుకున్నవాళ్లు తొమ్మిదింటికి లేచి, ఇడ్లీ తిని, తీరిగ్గా వెళ్తారు. అరగంట ముందు పడుకుని గంటన్నర ముందు లేవడం ఏం లాభం? పైగా ట్రాఫిక్ టెన్షన్ వాళ్లకే.

పొద్దున పని ఏమిటన్నదే ముఖ్యం

అమెరికా వీసా కోసం వచ్చే పిల్లల సంగతి చూడండి. కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది. వేలిముద్రలూ ఫొటో తీసుకునే కేంద్రం అదే ఏడాది జనవరిలో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోకి వచ్చింది. రెండూ ఊరికి పడమరే. అయినా "బేగంపేటలో మంచి హోటళ్లున్నాయి, కాన్సులేట్ పక్కనే" అని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎప్పుడో జరిగిన అన్నయ్య ఇంటర్వ్యూ జ్ఞాపకం అది. రాయదుర్గం, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఎక్కడ ఉన్నా రెండు పనులూ దగ్గర. ఇంటర్వ్యూకి ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి దాన్ని గదిలోనే వదిలి వెళ్లగలిగేంత దగ్గరలో ఉండటం ఇంకో సుఖం.

ఆస్పత్రి పని మీద వచ్చేవాళ్లది వేరే దారి. నిమ్స్ అయితే పంజాగుట్ట, బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి అయితే బంజారాహిల్స్. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరసలో ఉండాలి. వీళ్లు శంషాబాద్‌లో గది తీసుకోవడమంత పొరపాటు ఇంకోటి లేదు. ఆస్పత్రికి నడిచి వెళ్లగలిగే చోట మామూలు గది దొరికినా చాలు. పేషెంటుతో పాటు వచ్చినవాళ్లకి ఒకే రోజు మూడుసార్లు అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు ఖర్చు హోటల్ బిల్లులో కనిపించదు.

రైలు పట్టుకోవాలంటే? సికింద్రాబాద్ నుంచి తిరుపతి వందేభారత్ ఉదయం ఆరు దాటగానే వెళ్తుంది. మూడుంముప్పావుకి బయటపడ్డవాళ్లు ఐదింటికల్లా స్టేషన్‌లో ఉంటారు. గంట సేపు కోసం గది ఎందుకు? అయితే విమానం ఆలస్యమైతే రైలు మీ కోసం ఆగదు. రైలు మధ్యాహ్నానికి ఉంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ చూసుకోవచ్చు. ఐఆర్‌సీటీసీలో మీ టికెట్ పీఎన్ఆర్ నంబర్ మీద బుక్ చేసుకోవాలి. సికింద్రాబాద్ స్టేషన్‌ని మళ్లీ కడుతున్నారు కాబట్టి ఏ గదులు అందుబాటులో ఉన్నాయో ముందే చూసుకోండి. మీ రైలు అసలు సికింద్రాబాద్‌లోనే ఎక్కాలా, 2025 జనవరిలో తెరిచిన చర్లపల్లి టెర్మినల్‌లోనా అన్నది కూడా టికెట్ మీద చదవండి. చర్లపల్లి ఊరికి ఇంకో మూల.

కొందరు అసలు ఊళ్లోకి రానక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప వెళ్లేవాళ్లకి శంషాబాద్ బెంగళూరు హైవే మీదే ఉంది. వాళ్లు ఊళ్లోని ఎంజీబీఎస్ బస్టాండ్‌కి వెళ్లి బస్సెక్కితే, ఆ బస్సు మళ్లీ వాళ్లని శంషాబాద్ మీదుగానే తీసుకుపోతుంది! కువైట్ నుంచి వచ్చే రాయచోటి, రాజంపేట వాళ్లు ఇలా ఒక చుట్టు తిరిగి వెళ్లడం చూశాను. గల్ఫ్ నుంచి వచ్చే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు మాత్రం ఈ విషయంలో ఆరితేరారు. ఇంటి దగ్గర నుంచే బండి మాట్లాడుకుని కుటుంబం అంతా వస్తుంది. ఔటర్ ఎక్కి, నిజామాబాద్ వైపైతే మేడ్చల్ దగ్గర, కరీంనగర్ వైపైతే శామీర్‌పేట దగ్గర దిగిపోతారు. విజయవాడ వైపు వెళ్లేవాళ్లకి పెద్ద అంబర్‌పేట ఉంది. హైదరాబాద్ వీధి ఒక్కటీ చూడకుండా ఇల్లు చేరతారు.

నేను ఎయిర్‌పోర్టు పక్కన గది తీసుకోమని గట్టిగా చెప్పేది సరిగ్గా ఇక్కడే. ఆ బండి నడిపే మనిషి ముందు రోజు సాయంత్రం బయలుదేరి, రాత్రంతా పార్కింగ్‌లో కాచుకుని, మళ్లీ నాలుగింటికి స్టీరింగ్ పడతాడు. దిగినవాళ్లు విమానంలో ఎంతోకొంత కునుకు తీసి ఉంటారు. ఆయన తీయలేదు. తెల్లవారుజామున ఔటర్ మీద పక్కన ఆగి ఉన్న లారీని ఆఖరి క్షణంలో చూసిన కథలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. రెండొందల కిలోమీటర్ల ప్రయాణం ముందుంటే, శంషాబాద్‌లో ఒక గది తీసుకుని డ్రైవర్‌ని ఏడింటిదాకా పడుకోనివ్వండి. ఆ డబ్బు దండగ కాదు.

మిగతా మినహాయింపులు త్వరగా చెప్పేస్తాను. రాత్రి పదకొండింటికి దిగి పొద్దున ఏడింటికి మళ్లీ ఇక్కడే విమానం ఎక్కాలంటే పక్కనే ఉండండి. చంటిపిల్లలున్నా, వీల్‌చైర్‌లో వచ్చిన పెద్దవాళ్లున్నా, మర్నాడు ఏ పనీ లేకపోయినా పక్కనే ఉండండి. మర్నాడు పని లేనివాళ్లకి పొద్దున ట్రాఫిక్‌తో సంబంధం లేదు కదా.

తేదీ విషయంలో పడే బొక్క

గది ఏ పేటలో అన్నది తేలాక చాలామంది దెబ్బతినేది తేదీ దగ్గర. ఇది తెలివితక్కువతనం కాదు. మన లెక్కే వేరు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మంగళవారం రాత్రి రెండింటికి ఏం జరిగినా మనం దాన్ని "మంగళవారం రాత్రి" అనే అంటాం. విమానాల వాళ్లకి పన్నెండు దాటగానే బుధవారం. హోటల్ వాళ్లకి బుధవారం మొదలయ్యేది మధ్యాహ్నం పన్నెండింటికో రెండింటికో. ఒకే క్షణం. ముగ్గురి దగ్గర మూడు రకాలుగా ఉంటుంది.

మూడేళ్ల కిందట పెద్దమ్మ విమానం 15వ తేదీ తెల్లవారుజామున 2:40కి అని టికెట్ మీద ఉంది. నేను శ్రద్ధగా 15వ తేదీకే గది బుక్ చేశాను. నాలుగున్నరకి గచ్చిబౌలి సందులో ఉన్న ఆ హోటల్‌కి చేరాం. కౌంటర్ వెనక నిద్ర కళ్లతో ఉన్న కుర్రాడు స్క్రీన్ చూసి, "సార్, మీ చెకిన్ ఇవాళ మధ్యాహ్నం రెండింటికి. ఇప్పుడు రూములన్నీ ఫుల్" అన్నాడు. తప్పు అతనిది కాదు. 15వ తేదీ గది 15 మధ్యాహ్నం నుంచి నాది. 14 రాత్రి అందులో ఇంకెవరో నిద్రపోతున్నారు. పెద్దమ్మ లాబీ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, మనవడికి ఫోన్ చేసి, "చేరాం నాన్నా, హాల్లో కూర్చున్నాం, ఏసీ చాలా బాగుంది" అని చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కాబట్టి 15 తెల్లవారుజామున పడుకోవాలంటే 14వ తేదీ నుంచి బుక్ చేయాలి. ఒక రాత్రి డబ్బు ఎక్కువ అవుతుంది. అది ఒప్పుకోవాల్సిందే. "ఎర్లీ చెకిన్ రిక్వెస్ట్" అన్న గడిలో టిక్కు పెట్టి ఊరుకుంటే అది కోరిక మాత్రమే. గది ఖాళీ ఉంటే ఇస్తారు, లేకపోతే సోఫా చూపిస్తారు.

14కి బుక్ చేసినవాళ్లకి ఇంకో గండం ఉంది. రాత్రి పన్నెండు దాటినా మనిషి రాకపోతే, ముఖ్యంగా డబ్బు ముందే కట్టకపోతే, "నో షో" అని రాసి గది ఇంకొకరికి ఇచ్చేసే హోటళ్లు ఉన్నాయి. బుకింగ్ సైటులో రాసిన నోటు రాత్రి డ్యూటీ కుర్రాడిదాకా చేరుతుందని నమ్మకం లేదు. 14 సాయంత్రం నేరుగా హోటల్‌కే ఫోన్ చేసి విమానం నంబరు చెప్పి, "తెల్లారి నాలుగున్నరకి వస్తాం, గది అట్టే పెట్టండి" అనండి. ఫోన్ ఎత్తినవాళ్ల పేరు అడిగి పెట్టుకోండి.

పాతకాలం లాడ్జీలది ఈ విషయంలో మంచి పద్ధతి. నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్ స్టేషన్ల చుట్టూ 24 గంటల చెకౌట్ ఇచ్చేవి ఇంకా దొరుకుతాయి. ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటిదాకా గది మీదే. "చెకౌట్ 24 అవర్సా, పన్నెండింటికా?" అని అడగండి చాలు. పరుపు మెత్తగా ఉండకపోవచ్చు గానీ, రాత్రి రైళ్లలో వచ్చేవాళ్లని చూసిచూసి రాటుదేలిన లెక్క వాళ్లది.

ఇదే తేదీ పొరపాటు తిరుగు ప్రయాణంలో చేస్తే ఇంకా ఖరీదు. టికెట్ మీద "15, 01:40" అని ఉంటే మీరు ఇల్లు కదలాల్సింది 14 రాత్రి. 15 రాత్రి సూట్‌కేసులతో శంషాబాద్ వచ్చి, విమానం నిన్ననే వెళ్లిపోయిందని తెలుసుకున్నవాళ్లు ప్రతి బంధువర్గంలో ఒకరైనా ఉంటారు. మా వాళ్లలోనూ ఉన్నారు. పేరు చెప్పను.

బయటకొచ్చాక

మెట్రో ఇంకా ఎయిర్‌పోర్టు దాకా రాలేదు. రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్ల లైనుకి 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ దారి వదిలేసి, నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఇంకో దారి ముందుకు తెచ్చారు. ఏ దారిన వచ్చినా, మన మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగి పొద్దున ఆరింటికి మొదలయ్యేదే. మూడింటి ప్రయాణికుడికి అది లేనట్టే లెక్క. మ్యాపులో ఉందానగర్ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ దగ్గరగా కనిపించి ఆశ పెడుతుంది. సూట్‌కేసు లాక్కుంటూ నడిచి వెళ్లే దారి కాదది.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి తిరిగే ఆర్టీసీ పుష్పక్ బస్సులు చవక, నమ్మకం. రాత్రి వేళ కూడా తిరుగుతాయి, కాకపోతే బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం పెరుగుతుంది. ఒంటరిగా, ఒక బ్యాగుతో వచ్చి, బస్సు వెళ్లే రోడ్డు మీదే దిగేవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. నాలుగు పెద్ద సూట్‌కేసులతో దిగి, చివర్లో మళ్లీ ఆటో వెతుక్కోవాల్సినవాళ్లకి మిగిలేది తక్కువ. అందుకే బస్సులో వెళ్లాలనుకుంటే గదిని కూడా బస్సు ఆగే చోటుని బట్టి ఎంచుకోండి.

యాప్ క్యాబ్‌ల కోసం వాటికి కేటాయించిన పికప్ చోటికి నడవాలి. అందరూ ఒక్కసారే బుక్ చేస్తారు కాబట్టి రేటు పెరుగుతుంది. డ్రైవర్ ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగి, నచ్చకపోతే క్యాన్సిల్ కొడతాడు. ఆయనకీ ఒక లెక్క ఉంది: ఈ వేళలో ఒక మారుమూల కాలనీలో వదిలాక తిరుగు బేరం దొరకదు. పెద్ద రోడ్డు మీదున్న హోటల్ పేరు చెబితే ఒప్పుకున్నంత తేలిగ్గా, సందుల్లో ఉన్న గెస్ట్‌హౌస్ చెబితే ఒప్పుకోరు. గది ఎంచుకునేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకి ఇంకో ఇబ్బంది. మన సిమ్ నిద్రలో ఉంటుంది. ఓటీపీ రాదు. ఓటీపీ లేకపోతే వైఫై కలవదు, నెట్ లేకపోతే యూపీఐ నడవదు. కొన్ని అయిదొందల నోట్లు చేతిలో ఉంచుకోండి. హోటల్ పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. మా పెద్దమ్మ కాగితాన్ని నేను నవ్వులాట పట్టించేవాణ్ణి. ఇప్పుడు నేనే రాసిస్తున్నాను.

పెద్దవాళ్లనో, ఒంటరిగా వచ్చే ఆడపిల్లనో దింపుకోవాలంటే తెలిసిన డ్రైవర్‌ని ముందే మాట్లాడి పెట్టడం మేలు. వందో రెండొందలో ఎక్కువైనా, వాళ్ల పేరు రాసిన కాగితం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ 2024 మార్చి నుంచి ఉంది. ఒంటరిగా ప్రయాణించే మహిళల దారిని వాళ్లు గమనిస్తూ ఉంటారు. ఎలాగూ 112 ఉండనే ఉంది. ఇక "క్యాబ్ కావాలా మేడమ్" అంటూ గేటు దగ్గరే వెంటపడేవాళ్లతో వెళ్లకండి. రేటు గురించి కాదు, ఆ బండి నంబరు ఎక్కడా నమోదై ఉండదు.

దారి చెప్పడంలో ఒక స్థానిక పద్ధతి ఉంది. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు ఇళ్లకీ హోటళ్లకీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే గుర్తు. "ఫలానా పిల్లర్ దగ్గర" అంటే డ్రైవర్‌కి మ్యాపు అక్కర్లేదు. అయితే అక్కడికి వెళ్లాలంటే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలా, కింద రోడ్డున వెళ్లాలా అన్నది ఆరాంఘర్ రాకముందే తేల్చుకోండి. పైకెక్కాక అత్తాపూర్ మీ కాళ్ల కిందే వెళ్లిపోతుంది.

బుక్ చేసేముందు మ్యాపు, గుర్తింపు కార్డు

నోవాటెల్ పేరుతో ఈ ఊళ్లో రెండు హోటళ్లున్నాయి. ఒకటి ఎయిర్‌పోర్టు దగ్గర, ఇంకోటి మాదాపూర్ వైపు హెచ్ఐసీసీ అనే సమావేశాల కేంద్రం పక్కన. మధ్యలో ముప్పై కిలోమీటర్ల పైనే. పేరు మాత్రమే చెప్పి పడుకుంటే డ్రైవర్ తనకి తెలిసినదానికి తీసుకుపోతాడు. "ఎయిర్‌పోర్టుకి మూడు కిలోమీటర్లు" అని రాసుకున్న చిన్న హోటళ్ల సంగతీ అంతే. గీత గీస్తే మూడే, రోడ్డున వెళ్తే ఎంతో, హైవేకి ఏ పక్కన ఉందో మ్యాపులో దారి పెట్టి చూడండి. నడుద్దాం అనుకోకండి.

గుర్తింపు కార్డు దగ్గర రెండు చిక్కులు. కొన్ని హోటళ్లు ఆధార్‌లో హైదరాబాద్ అడ్రస్ ఉంటే "లోకల్ ఐడీకి ఇవ్వం" అంటాయి. పెద్దవాళ్లకి తోడుగా నేను ఉండాలనుకున్నప్పుడు ఇదే అడ్డొచ్చింది. రెండోది, అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టుతో వచ్చే మన పిల్లలది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే హోటల్ వాళ్లు 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు తెల్లవారుజామున "కుదరదు" అనేస్తాయి. మనవడు మనవాడే, తెలుగు చక్కగా మాట్లాడతాడు, అయినా రూలు రూలే. ముందే ఫోన్‌లో అడగండి.

వెళ్లేటప్పటి లెక్క ఇదే, తిరగేసి. నాలుగింటి విమానానికి ఒంటిగంటకి ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే కూకట్‌పల్లిలో పదకొండున్నరకి బయలుదేరితే సరిపోతుంది. రోడ్డు ఖాళీ. దానికోసం ముందు రోజే శంషాబాద్‌లో గది అక్కర్లేదు. అసలు కష్టపెట్టేది రాత్రి తొమ్మిదింటి విమానం. ఆఫీసులు వదిలే వేళకి ఊరంతా దాటాలి. డిసెంబర్ 31 రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి విమానం టికెట్ చూపించినవాళ్లనే వదులుతారు కాబట్టి టికెట్ చేతిలో ఉంచుకోండి.

ఇంకో ఊరైతే అంకెలు మారతాయి. చెన్నైలో ఎయిర్‌పోర్టు ఊళ్లోనే, మెట్రో స్టేషన్‌తో సహా ఉంది కాబట్టి ఈ బాధ సగం తగ్గుతుంది. బెంగళూరులో దేవనహళ్లి నుంచి పొద్దున పూట ఊళ్లోకి రావడం శంషాబాద్ కన్నా కష్టం. ముంబై, ఢిల్లీలలో దిగే టెర్మినల్, మళ్లీ ఎక్కే టెర్మినల్ వేరైతే అది మరో తలనొప్పి. శంషాబాద్‌లో ఆ బాధ లేదు. దేశీయం, అంతర్జాతీయం ఒకే భవనంలో.

పోయిన నెల పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఎదురు ప్రశ్నకి జవాబు "రాజమండ్రి ఇంట్లో" అని వచ్చింది. దోహా విమానం దిగాక, బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటి, అదే భవనంలో పొద్దుటి రాజమండ్రి ఫ్లైట్‌కి మళ్లీ చెకిన్ చేయాలి. రెండూ వేరువేరు టికెట్లు కాబట్టి మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండేలా చూశాను. గది బుక్ చేయలేదు. నేను వస్తానంటే వద్దంది. నాలుగుంపావుకి ఫోన్ చేసింది.

"ఇక్కడ కుర్చీలు బాగానే ఉన్నాయిరా. కాఫీ మాత్రం అన్యాయం రేటు. నువ్వు పడుకో."